లీడ్స్ గదిలో నల్ల బూజు: మన పర్లాకిమిడి పిల్లలకు

సెలవులకు పర్లాకిమిడి వచ్చి వారమైంది. నిన్న పక్కింటి పిన్నిగారు ఫోన్ పట్టుకుని వచ్చారు. చదువుకోవడానికి ఇంగ్లండులోని లీడ్స్ వెళ్లిన వాళ్లమ్మాయి తన గది ఫొటో పంపింది. మంచం వెనక గోడ మూలంతా నల్లటి చుక్కలు. "పైకప్పు కారుతోందేమోనే అమ్మాయ్, ఇల్లు మారిపొమ్మని చెప్పనా?" అని పిన్నికి ఒకటే టెన్షన్.

మనకు చెమ్మంటే బయటి నుంచి వచ్చేదే. 2018లో తిత్లీ తుపానుకి ఈ గజపతి జిల్లాలో ఇళ్లు ఎలా నానిపోయాయో చూశాం కదా. ఇంగ్లండులో చలికాలపు చెమ్మ మాత్రం చాలావరకు ఇంట్లోనే పుడుతుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబుకి పైన చెమట పట్టినట్టే, వంట ఆవిరి, స్నానం ఆవిరి, మన ఊపిరి కలిసిన వెచ్చటి గాలి చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. ఆ తడి మీదే బూజు పెరుగుతుంది.

అక్కడ మొదటి చలికాలం నేనూ కిటికీలన్నీ బిగించాను, బిల్లుకి భయపడి హీటర్ కట్టేశాను, తడిబట్టలు గదిలోనే ఆరేశాను. ఒక్క విడత బట్టలు ఆరితే రెండు లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుందని అప్పుడు తెలీదు. అమ్మ ఇచ్చిన బరంపురం పట్టుచీర ఉన్న సూట్‌కేసుని బయటి గోడకి ఆనించి పెట్టాను. ఉగాదికి తీస్తే మడతల నిండా తెల్లటి మచ్చలు. ఆ వాసన ఇప్పటికీ పోలేదు.

అందుకే చెబుతున్నాను. మంచం, బీరువా బయటి గోడకి నాలుగు వేళ్లు ఎడంగా ఉంచండి. అన్నం వండేటప్పుడు మూత పెట్టి, ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్ వేసి, వంటగది తలుపు మూయండి. స్నానమయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి. కిటికీ చట్రం పైన గాలాడే సన్నటి చీలికలుంటాయి, చలి వస్తోందని వాటికి టేపు అంటించకండి. పొద్దున్నే అద్దాల మీది నీరు గుడ్డతో తుడిచి, పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవండి. సాయంత్రం గంటసేపు మంటలా వేసి ఆపేయడం కంటే హీటర్‌ని 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచడమే మేలు. తేమ కొలిచే చిన్న మీటరు చవకే, కొనుక్కోండి. అది 60 శాతం దాటనివ్వకండి.

పండగ ముందు బూజు దులిపినట్టు దీన్ని చీపురుతో దులపకూడదు. దులిపితే కంటికి కనపడని బూజు విత్తనాలు గదంతా లేస్తాయి. ఆయాసం ఉన్నవాళ్లకి అది ప్రమాదం. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, బూజు పోగొట్టే మందుతో తడిపి తుడిచి, గోడని పూర్తిగా ఆరనివ్వండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్నదేదైనా గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. పైన రంగు వేస్తే బూజు చావదు.

వాన పడ్డప్పుడల్లా మచ్చ పెద్దదవుతుంటే, నేల నుంచి పైకి తడిగీత పాకుతుంటే, తప్పు మీది కాదు. "మీరు వంటలు ఎక్కువ చేస్తారు" అని మా ఓనరు నన్నూ అన్నాడు. తలూపి ఊరుకోకండి. ఫొటోలు, తేదీలతో మెయిల్ పెట్టండి. ఇల్లు నివాసానికి పనికొచ్చేలా ఉంచాల్సింది ఓనరే, 2018లో చేసిన చట్టం అక్కడ అదే చెబుతుంది. పలకకపోతే అక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. బూజు పట్టిన ఇంట్లో పెరిగిన అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020లో రాచ్‌డేల్‌లో చనిపోయాడు. ఆ బాబు పేరు మీదే చట్టం వచ్చి, 2025 అక్టోబరు నుంచి ముందుగా కౌన్సిల్, తక్కువ అద్దెకిచ్చే హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో అమలవుతోంది. చిన్నపిల్లలున్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆగొద్దు.

రాత్రి వీడియోలో ఆ అమ్మాయి చేత మంచం జరిపించాను. వెనక గోడ చల్లగా, తడిగా ఉంది. అది తనే తుడుచుకుంది. కిటికీ పైమూలలో మాత్రం గోధుమరంగు వలయం ఒకటి కనపడింది, అది వాననీటిదే. దాని ఫొటోతో ఓనరుకి మెయిల్ పెట్టాకే ఫోన్ పెట్టేశాం.