గ్రూప్‌ సృష్టించాక ఏం జరుగుతుంది?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక లైనక్స్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు చేశాను. ఈ మధ్య ఒక ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ముగ్గురు ఉద్యోగులు ఒకే ఫోల్డరులో పనిచేసుకునేలా గ్రూప్ ఏర్పాటు చేయమన్నారు. గ్రూప్‌ను సృష్టించే గ్రూప్‌యాడ్ కమాండ్ ఇచ్చి అక్కడే ఆగిపోయాను. ఎంపిక కాలేదు. ఈ రంగం వదిలి పైథాన్ వైపు వెళ్లమంటారా?
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: పైథాన్ నేర్చుకోండి, మంచిదే. కానీ మీ ఇంటర్వ్యూ పోయింది పైథాన్ రాక కాదు. కమాండ్ బట్టీపట్టారు, అది కొట్టాక లోపల ఏం మారిందో చూడలేదు.

గ్రూప్‌యాడ్ చేసే పని చాలా చిన్నది. ఈటీసీ డైరెక్టరీలో గ్రూప్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో ఒక వరుస చేరుస్తుంది: పేరు, పాస్‌వర్డ్ చోట ఒక ఎక్స్, గ్రూప్ సంఖ్య, సభ్యుల పేర్లు. మధ్యలో కోలన్లు. మీరు ఆగిన చోట ఆ చివరి గడి ఖాళీగానే ఉంది.

అందులో మనుషులను చేర్చడానికి యూజర్‌మాడ్ కమాండ్ వాడతాం. కొత్తవారు జారిపడేది ఇక్కడే. దానికి పెద్ద జీ (-G) అనే ఆప్షన్ ఒక్కటే ఇస్తే, ఆ వ్యక్తికి అప్పటిదాకా ఉన్న అదనపు గ్రూపులన్నీ పోయి కొత్తది మాత్రమే మిగులుతుంది. ముందు చిన్న ఏ (-a) కూడా పెడితేనే పాతవి నిలుస్తాయి. నేను సర్వర్లు చూసుకునే రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం ఆ ఏ మరిచి నా ఖాతా మీదే కొట్టాను. అడ్మిన్ అధికారాలిచ్చే సుడో గ్రూపు నుంచి నన్ను నేనే తొలగించుకున్నాను. అప్పుడేమీ తేడా కనిపించలేదు. సోమవారం లాగిన్ అయ్యాక గానీ విషయం బోధపడలేదు.

కారణం, ఎవరు ఏ గ్రూపులలో ఉన్నారన్నది లాగిన్ సమయంలోనే నిర్ణయమవుతుంది. చేర్చిన వెంటనే అనుమతి లేదని వస్తే కంగారుపడి ఫోల్డరుకు 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, ఇచ్చేసేవారిని చాలామందిని చూశాను. అలా చేయకండి, ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయితే చాలు. ఐడీ కమాండ్‌ను ఉత్తగా కొడితే ప్రస్తుత సెషన్‌కు ఉన్న గ్రూపులు కనిపిస్తాయి. వెనుక యూజర్ పేరు ఇస్తే ఫైలులో రాసి ఉన్నవి కనిపిస్తాయి. రెండూ వేరుగా ఉంటే చిక్కు తేలిపోయినట్టే.

ఇక ఫోల్డరు. సీహెచ్‌జీఆర్‌పీ (chgrp) కమాండ్‌తో దాన్ని గ్రూపుకు అప్పగించి 2770 అనుమతి ఇవ్వండి. 770 అంటే యజమానికి, గ్రూపుకు పూర్తి అనుమతి, బయటివారికి ఏదీ లేదు. ముందున్న 2 వల్లనే అందులో పుట్టే ప్రతి ఫైలూ ఆ గ్రూపు పేరు మీద ఉంటుంది. కొత్త ఫైళ్లకు ఏ అనుమతులు తగ్గించాలో చెప్పే యూమాస్క్ 022 ఉంటే మాత్రం తోటివారు చదవగలరు, మార్చలేరు. 002 కావాలి.

లైనక్స్ సంస్థ రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికేషన్ పరీక్షలో కూడా ఇలాంటి పనులే యంత్రం మీద చేసి చూపాలి, టిక్కులు పెట్టే ప్రశ్నలు ఉండవు. ఫీజు ఎక్కువ కాబట్టి ఇప్పుడే కట్టకండి. కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉచితంగా దొరికే రాకీ లైనక్స్ వేసుకుని ముగ్గురు యూజర్లతో ఇదంతా చేయండి. తర్వాత వారిలో ఒకరిని లాగిన్‌లో ఉండగానే జీపాస్‌డబ్ల్యూడీ (gpasswd) కమాండ్‌తో గ్రూపు నుంచి తీసేసి, ఆ యూజర్ ఇంకా ఫోల్డరులో రాయగలుగుతున్నారేమో చూడండి.