బెన్ పీటర్సన్ కుస్తీ జీవితంలో దైవవిశ్వాసం పాత్ర ఏమిటి?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కామ్‌స్టాక్ అనే చిన్న ఊరికి చెందిన బెన్ పీటర్సన్, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున 1971, 1972లలో జాతీయ కళాశాలల విజేతగా నిలిచి, అదే 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 90 కిలోల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచారు.

ఆ స్వర్ణం దక్కిన తీరు చెప్పుకోదగినది. అప్పట్లో ఇప్పటిలా ఫైనల్ ఉండేది కాదు. ఓటమికే కాక, ప్రత్యర్థిని చిత్తు చేయకుండా పాయింట్లతో గెలిచినా మల్లుడి ఖాతాలో ప్రతికూల మార్కులు పడేవి. సోవియట్ మల్లుడు స్ట్రాఖోవ్‌తో పోరు సమంగా ముగియడంతో, బల్గేరియాకు చెందిన పెట్రోవ్‌ను వెల్లకిలా పడగొట్టి భుజాలు రెండూ చాపకు అదిమితే తప్ప పసిడి దక్కని స్థితిలో, బెన్ సరిగ్గా అదే చేశారు.

1976లో మాంట్రియల్‌లో ఆయన రజతంతో సరిపెట్టుకున్నారు. అక్కడ ఆయనను ఓడించిన సోవియట్ జార్జియా యోధుడు తెదియాష్విలీయే, నాలుగేళ్ల ముందు ఆయన అన్న జాన్‌కు స్వర్ణం దక్కకుండా చేసినవాడు కావడం విచిత్రం. 1980 జట్టులోనూ బెన్‌కు చోటు దక్కింది కానీ, అమెరికా ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించడం వల్ల మాస్కో ప్రయాణమే లేకపోయింది.

విశ్వాసం ప్రభావం పతకాలలో కన్నా ఆయన ఎంచుకున్న కొలువులోనే స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం. ఒలింపిక్ విజేత అయి ఉండి కూడా ఆయన వాటర్‌టౌన్‌లోని మరనాత అనే చిన్న బాప్టిస్టు కళాశాలలో దీర్ఘకాలం శిక్షకుడిగా పనిచేశారు. పట్లతో పాటు బైబిలు బోధన కూడా సాగే కుస్తీ శిబిరాలను యువకుల కోసం నడిపారు.