ఫోన్ కెమెరా బట్ట రంగు మార్చేస్తోంది, నేతను నున్నగా చేసేస్తోంది. ఆపేదెలా?

మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో దర్రీలు (నేల మీద పరిచే మందపాటి నేత బట్టలు) నేస్తారు, వాటి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపే పని నాది. ఒకసారి ముదురు మెరూన్ దర్రీ పంపితే, కొన్నావిడ "ఫోటోలో మిరపపండు ఎరుపు కనిపించింది, ఇది వేరే" అని తిప్పి పంపారు. నాన్న రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసింది అది. ఆయన పనిలో లోపం లేదు, నా ఫోటోలోనే ఉంది. అప్పటి నుంచి దీని వెంట పడ్డాను.

బటన్ నొక్కగానే ఫోన్ చాలా ఫ్రేములు (వరుస ఫోటోలు) తీసి ఒకటిగా కలుపుతుంది. నీడలను వెలుగు చేస్తుంది, రంగులు పెంచుతుంది, చీకట్లో వచ్చే గరుకు చుక్కలను తుడిచేస్తుంది, ఆపైన అంచులకు పదును పెడుతుంది. నూలు పోగుకీ ఆ చుక్కకీ తేడా దానికి తెలియదు, రెండూ కలిపి తుడిచేస్తుంది. నీడలు పోతే దర్రీ గీతల ఎత్తుపల్లాలు కూడా పోతాయి.

అందుకే సెట్టింగ్స్ కన్నా ముందు వెలుతురు చూసుకోండి. మగ్గం గదిలో ట్యూబ్‌లైట్ కింద తీసినంత కాలం నాకేదీ పని చేయలేదు. ఇప్పుడు పొద్దున వసారాలో, ఎండ నేరుగా పడనిచోట, వెలుతురు పక్క నుంచి వచ్చేలా పరిచి తీస్తాను. వెలుతురు చాలినంత ఉంటే ఫోన్‌కు తుడవాల్సిన పని తగ్గుతుంది. జూమ్ వద్దు, దగ్గరికి వెళ్లండి.

తర్వాత కెమెరా సెట్టింగ్స్‌లో బ్యూటీ, ఏఐ సీన్, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా తగ్గించేది) ఆఫ్ చేయండి. అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పేది) 50 లేదా 100, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసేది) 5500 కెల్విన్ దగ్గర పెట్టండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఎర్ర బట్టకు ఒకలా, నీలం బట్టకు ఒకలా మారుతుంది. రా (RAW) ఫైల్, అంటే ఫోన్ మెరుగులు దిద్దని ఫోటో, తీసే ఆప్షన్ ఉంటే తప్పక వాడండి. తెరవగానే చప్పగా, వెలిసిపోయినట్టు ఉంటుంది, టెన్షన్ పడకండి. స్నాప్‌సీడ్ అనే ఫోటో ఎడిటింగ్ యాప్‌లో కాస్త కాంట్రాస్ట్ పెంచితే చాలు. దర్రీ మూలన తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీసుకుంటే, దాన్ని చూసి రంగు సరిచేయవచ్చు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ కాగితమే.

ప్రో మోడ్ లేని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది. దాని సెట్టింగ్స్‌లో కెమెరా2 ఏపీఐ అనేది ఎంచుకుంటే, ఫోన్ ఒప్పుకున్న మేరకు నాయిస్ రిడక్షన్ (చుక్కలు తుడిచేది), ఎడ్జ్ మోడ్ (అంచులకు పదును పెట్టేది) ఆఫ్ చేయవచ్చు. ఐఫోన్ అయితే హాలైడ్ యాప్‌లో 2024లో వచ్చిన ప్రాసెస్ జీరో చూడండి, అది ఈ మెరుగులేవీ దిద్దకుండా ఫోటో ఇస్తుంది. యాపిల్ సొంత రా ఫైల్ అయిన ప్రోరా (ProRAW)లో మాత్రం ఫ్రేములు కలపడం ముందే జరిగిపోతుంది.

వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది మళ్లీ కుదిస్తుంది. మీ ఫోన్ స్క్రీన్ వివిడ్ (రంగులు పెంచి చూపే) మోడ్‌లో ఉంటే నేచురల్‌కు మార్చండి, లేదంటే సరైన ఫోటో కూడా మీకు తప్పుగా కనిపిస్తుంది. నేను పంపే ముందు ఫోన్‌ను దర్రీ పక్కన పెట్టి నాన్నను పిలుస్తాను. ఆయన రెండూ చూసి సరే అన్నాకే పంపుతాను.