పాత డిస్కు చెరపకుండానే కొత్త సొలారిస్

ప్రశ్న: అయ్యా, నమస్కారం. పీణ్యలో మాకు గేర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఉంది. గేర్ల కొలతలు లెక్కగట్టే ప్రోగ్రాము మా నాన్నగారి కాలం నుంచి సన్ కంపెనీ వారి సన్ ఫైర్ వి240 సర్వరు మీద, సొలారిస్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తోంది. రెండు డిస్కులున్నాయి. వాటిలో ఒకదాని నుంచి తరచూ హెచ్చరికలు వస్తున్నాయి. సర్వరు చూసుకునే అతను మానేశాక ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రూట్ (పూర్తి అధికారాలుండే ఖాతా) పాస్‌వర్డు మాత్రం మా దగ్గర ఉంది. డిస్కులు ఫార్మాట్ చేసి సొలారిస్ మళ్లీ వేసుకుందామని తమ్ముడు అంటున్నాడు. అలా చేస్తే ప్రోగ్రాము లైసెన్సు పోతుందా? సొలారిస్ 11 వేయవచ్చా? మానిటరు తగిలించే చోటు కూడా కనబడడం లేదు.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ తమ్ముడి మాటలో సగమే వినండి. కొత్తగా వేసుకోవలసిందే. కానీ ఆ రెండు డిస్కులను ఫార్మాట్ చేయనివ్వకండి. వి240కి ముందువైపు నాలుగు డిస్కులు పడతాయి. పాతవి రెండూ తీసి, ఏది ఏ గదిలోదో చీటీ అంటించి బీరువాలో పెట్టండి. సొలారిస్‌ను వేరే డిస్కుల మీద వేయండి. ఏ దశలో పని చెడినా పాతవి వాటి గదుల్లో పెట్టి ఆన్ చేస్తే మరుసటి పూట వర్క్‌షాపు ఆగదు. చాలా ఏళ్లు ఈ యంత్రాల మధ్యే పనిచేసినవాణ్ని కనుక గట్టిగా చెబుతున్నాను: డిస్కు ఖరీదుకు కక్కుర్తిపడి నాన్నగారి లెక్కలను పణంగా పెట్టకండి.

లైసెన్సు సంగతి. ఆ కాలపు ఇంజినీరింగ్ ప్రోగ్రాములు చాలావరకు యంత్రం హోస్ట్ ఐడీని, అంటే ఆ యంత్రానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యను చూసి నడుస్తాయి. మీ సర్వరులో అది డిస్కు మీద ఉండదు. ముందుభాగంలో, తలుపు వెనక ఉండే చిన్న కార్డులో ఉంటుంది. దాన్ని సిస్టమ్ కాన్ఫిగరేషన్ కార్డు అంటారు. నెట్‌వర్క్ హార్డ్‌వేర్ (మ్యాక్) చిరునామా కూడా అందులోనే ఉంటుంది. డిస్కులు ఎన్ని మార్చినా హోస్ట్ ఐడీ మారదు. ఆ కార్డును మాత్రం కదపకండి, అది లేకుండా సర్వరు లేవదు. అంతకు ముందు తరం అల్ట్రా 5 లాంటి సన్ యంత్రాల్లో ఐడీ ఒక చిప్పులో ఉండేది. చిప్పు లోపలి బ్యాటరీ చచ్చిపోతే ఐడీ కూడా పోయేది. మీకు ఆ బెడద లేదు. అయితే లైసెన్సు ఫైలు డిస్కు మీదే ఉంటుంది కనుక దాన్ని వెతికి కాపీ తీసుకోండి.

సొలారిస్ 11 వద్దు. 2011 నవంబరులో వచ్చిన ఆ వెర్షను మీ అల్ట్రాస్పార్క్ 3ఐ ప్రాసెసర్ల మీద నడవదు. మీకు తగినది సొలారిస్ 10, అందులోనూ 2013 జనవరిలో వచ్చిన చివరి విడుదల. ఓపెన్‌బీఎస్‌డీ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఈ యంత్రం మీద చక్కగా నడుస్తుంది కానీ మీ ప్రోగ్రాము సొలారిస్ కోసం తయారైనది, అక్కడ పనిచేయదు.

సర్వరును ఆపకముందే కొన్ని వివరాలు రాసుకోవాలి. ఈ పనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి. 'హోస్ట్ఐడీ', 'ఇఫ్‌కాన్ఫిగ్ మైనస్ ఏ', 'ఈఈప్రామ్', 'ప్యాకేజ్‌ఇన్ఫో' ఆదేశాలు ఇచ్చే జవాబులన్నీ కాపీ చేసుకోండి. ఈటీసీ డైరెక్టరీలోని విఎఫ్‌ఎస్‌ట్యాబ్, సిస్టమ్, హోస్ట్స్ ఫైళ్లు, వేళకు వాటంతటవే నడిచే పనుల జాబితా అయిన రూట్ క్రాన్‌ట్యాబ్ తీసుకోండి. రాత్రివేళ ఏదో ఒక ఫైలును ఎక్కడికో పంపే పని క్రాన్‌ట్యాబ్‌లో తప్పకుండా ఉంటుంది, దాన్నే అందరూ మరిచిపోతారు. తర్వాత 'ఫ్లార్‌క్రియేట్'తో మొత్తం సొలారిస్ 9కి ఒక ఆర్కైవు (ఒకే ఫైలుగా నకలు) చేసి ఇంకో కంప్యూటరులో భద్రపరచండి. దాని అవసరం ఏమిటో చివర్లో చెబుతాను.

డిస్కులు ఎస్‌.పి. రోడ్డులో వెతకండి. 80 పిన్నుల స్కజీ డిస్కు అని స్పష్టంగా అడగండి, 68 పిన్నులది పట్టదు. గదిలోకి జారే లోహపు చట్రం కూడా ఉందో లేదో చూడండి. పెద్ద స్టోరేజీ పెట్టెల్లోంచి తీసిన డిస్కుల సెక్టార్లు, అంటే సమాచారం రాసే ముక్కలు, 520 బైట్లవి కావచ్చు. మీకు 512 బైట్లవి కావాలి. తిరిగి ఇచ్చే షరతు మీద రెండు కొనండి.

మానిటరు అక్కర్లేదు. వెనకవైపు సీరియల్ మేనేజ్‌మెంట్ అని రాసి ఉన్న నెట్‌వర్క్ సాకెట్ లాంటిది ఉంటుంది. సిస్కో రౌటర్లకు వాడే లేతనీలం కన్సోల్ కేబులు దానికి సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో వేగం 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అని పెట్టండి. రూట్‌గా లాగిన్ అయి 'ఇనిట్ 0' కొడితే సర్వరు ఆగి, 'ఓకే' అనే ప్రాంప్టు వస్తుంది. కరెంటు తీసి డిస్కులు మార్చేది అప్పుడే.

మళ్లీ ఆన్ చేసి 'ఓకే' దగ్గరే నిలిపి, ఆన్ చేయగానే సొలారిస్ దానంతటదే మొదలవ్వాలా అని చెప్పే 'ఆటో-బూట్?' అనే విలువను ఫాల్స్ చేసి, 'రీసెట్-ఆల్' కొట్టండి. ఆ తర్వాతే 'ప్రోబ్-స్కజీ-ఆల్' ఇవ్వండి. రీసెట్ చేయకుండా ఇస్తే యంత్రం బిగుసుకుపోవచ్చు. కొత్త డిస్కులు రెండూ కనబడ్డాక డీవీడీ పెట్టి 'బూట్ సీడీరామ్' అనండి. డీవీడీని తక్కువ వేగంతో రాయించండి. ఆ పాత డ్రైవులు వేగంగా రాసినవాటిని చదవలేక సతాయిస్తాయి.

టెర్మినల్ రకం అడిగితే వీటీ100 అని చెప్పండి. సీరియల్ లైను మీద ఎఫ్2 మీట పనిచేయకపోతే ఎస్కేప్ నొక్కి 2 నొక్కండి. బొమ్మలతో వచ్చే ఇన్‌స్టాలరు వద్దు, అక్షరాలతో వచ్చేదే తీసుకోండి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద సొలారిస్ వేసే వీలు అందులోనే ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను ఎంచుకోమని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది: రాసిన ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (చెడిందో లేదో పట్టించే సంఖ్య) ఉంచుకుంటుంది, రెండు డిస్కులను జతగా ఇస్తే ఒకదానిలో పాడైన సమాచారాన్ని రెండోదాని నుంచి సరిచేస్తుంది. మీకు వచ్చిన జబ్బుకు ఇదే మందు. డిస్కు లేబులు (డిస్కు విభాగాల వివరాలు ఉండే పట్టిక) ఈఎఫ్‌ఐ రకమైతే ఇన్‌స్టాలరు ఒప్పుకోదు. ముందుగా 'ఫార్మాట్ మైనస్ ఈ'తో ఎస్‌ఎంఐ లేబులు వేయండి. అప్‌గ్రేడ్ కాదు, ఇనిషియల్ ఎంచుకోండి. నెట్‌వర్క్ సర్వీసులు ఆన్ చేయాలా అంటే వద్దనండి, అప్పుడు బయటి నుంచి లోపలికి ఎస్‌ఎస్‌హెచ్ (భద్రమైన రిమోట్ లాగిన్) ఒక్కటే మిగులుతుంది. సన్‌ను కొన్న ఒరాకిల్ కంపెనీతో సపోర్టు ఒప్పందం లేనిదే ప్యాచ్‌లు (సవరణలు) రావు కనుక ఈ సర్వరుకు ఇంటర్నెట్ ఇవ్వకండి.

ప్రోగ్రామును కాపీ చేసి నడిపి చూడండి. సన్ వారు పాత ప్రోగ్రాములు కొత్త సొలారిస్ మీద నడిచేలా శ్రద్ధ తీసుకున్నారు, బహుశా నేరుగానే నడుస్తుంది. మొరాయిస్తే మనం దాచిన ఆర్కైవు అక్కరకొస్తుంది. సొలారిస్ 9 కంటెయినర్లు అనే ప్యాకేజీలు వేసుకుంటే, సొలారిస్ 10 లోపలే ఒక జోన్‌లో (విడిగా కేటాయించిన భాగంలో) మీ పాత వ్యవస్థ మొత్తం నడుస్తుంది.

ఆఖరి పని, 'ఆటో-బూట్?' విలువను మళ్లీ ట్రూ చేయడం. లేకపోతే పీణ్యలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సర్వరు 'ఓకే' దగ్గర నిలబడిపోతుంది, మీరు మళ్లీ నీలం కేబులు వెతుక్కోవాలి. బీరువాలోని పాత డిస్కులను వచ్చే మార్చిలో లెక్కలు ముగిసేదాకా తీయకండి.