కలెక్టివ్ ఇస్తానన్న సొమ్ము ఎఫ్-1 విద్యార్థిని తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతోంది. ఎఫ్-1 వీసా మీద ఉంది. ఆ విశ్వవిద్యాలయ అభిమానులు నడిపే ఒక కలెక్టివ్ (క్రీడాకారులకు సొమ్ము ఇచ్చే నిధి సంస్థ) తనకు నెలకు 1,000 డాలర్లు ఇస్తామంటోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు పెట్టాలి, అప్పుడప్పుడు కార్యక్రమాలకు వెళ్లి ఆటోగ్రాఫులు ఇవ్వాలి. తమకు విశ్వవిద్యాలయంతో సంబంధం లేదు కనుక వీసాకు ఇబ్బంది రాదని వారి ప్రతినిధి చెప్పారట. అదే జట్టులోని అమెరికన్ అమ్మాయి ఇప్పటికే తీసుకుంటోంది. సంతకం పెట్టవచ్చా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడున్న రూపంలో ఆ ఒప్పందం మీద మీ అమ్మాయి సంతకం పెట్టకూడదు. ఆ ప్రతినిధి మాట తలకిందులుగా ఉంది. కలెక్టివ్ స్వతంత్ర సంస్థ కావడమే మీ అమ్మాయికి అసలు చిక్కు.

ఈ సంస్థలు ఎలా పుట్టాయో తెలిస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ 2021 జూలై 1 నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, రూపం, ప్రతిష్ఠల మీద ఆదాయం పొందేందుకు అనుమతించింది. దీనినే అక్కడ ఎన్‌ఐఎల్ అంటారు. అంతకు ముందు, మన టెన్నిస్ క్రీడాకారుడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడిన రోజుల్లో, ఇటువంటి ఒప్పందం చేసుకుంటే ఆడే అర్హతే పోయేది. అనుమతి వచ్చాక కూడా విశ్వవిద్యాలయం నేరుగా సొమ్ము ఇవ్వడానికి వీలులేకపోవడంతో, పూర్వ విద్యార్థులు, స్థానిక వ్యాపారులు వేరే సంస్థలుగా ఏర్పడి, విరాళాలు, నెలవారీ చందాలు పోగుచేసి, ఆ నిధితో క్రీడాకారులకు ప్రచార ఒప్పందాలు ఇవ్వసాగారు. వాటిలో అధిక భాగం అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతుంది కనుక, టెన్నిస్ ఆడే అమ్మాయిని వెతుక్కుంటూ ఒక ప్రతిపాదన రావడం ఆమె ప్రతిభకు గుర్తింపే.

అయితే ఎన్‌సీఏఏ అనుమతించినది వలస చట్టం కూడా అనుమతించినట్లు కాదు. ఎఫ్-1 విద్యార్థికి ఆ చట్టం ఇచ్చే ఉద్యోగ వెసులుబాటు ప్రధానంగా క్యాంపస్‌లోపలి పనికే, అదీ తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించకుండా. క్యాంపస్ బయట పనిచేయాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. చదువులో భాగమైన శిక్షణకు ఆ అనుమతి దొరకవచ్చు గాని, ఆటోగ్రాఫులు ఇవ్వడం ఏ పాఠ్యప్రణాళికలోనూ భాగమని చూపించలేము. విశ్వవిద్యాలయంతో సంబంధం లేని సంస్థ కోసం, ప్రతిఫలం తీసుకుని పోస్టులు పెట్టడం, కార్యక్రమాలకు హాజరుకావడం అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించబడే ప్రమాదం బలంగా ఉంది. నగదుకు బదులు కారు, అద్దె లేని ఇల్లు ఇచ్చినా ప్రతిఫలమే. అలా తేలితే విద్యార్థి హోదా పోవచ్చు, తరువాతి వీసాలకు, గ్రీన్‌కార్డుకు కూడా అది అడ్డుతగలవచ్చు. కేవలం ఫొటో వాడుకున్నందుకు వచ్చే రాయల్టీ పని కిందకు రాదని కొందరు న్యాయవాదులు వాదిస్తారు. ఆ వాదనలో పస లేకపోలేదు, కానీ మీరు చెప్పిన ఒప్పందంలో అమ్మాయి స్వయంగా చేయవలసిన పని ఉంది కనుక అది ఇక్కడ అక్కరకు రాదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. సెలవుల్లో విశాఖకు వచ్చినప్పుడు ఇక్కడి సంస్థకు ప్రకటన చిత్రీకరణ చేస్తే, ఆ పని అమెరికా గడ్డ మీద జరగలేదు కనుక వీసా పరంగా చాలా సురక్షితం. 2022లో కెంటకీ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ ఆటగాడు, కాంగో దేశస్థుడైన ఆస్కార్ షిబ్వే జట్టుతో బహామాస్ వెళ్లినప్పుడు అక్కడే తన ప్రచార పనులు పూర్తిచేసుకున్నది ఇందుకే. అయితే పోస్టులు పెట్టడం సహా పనంతా ఇక్కడ ఉండగానే ముగించాలి. తిరిగి వెళ్లాక హాస్టల్ గదిలోంచి మిగిలినది పూర్తిచేస్తే మళ్లీ అదే చిక్కు. ఇక్కడి ఆదాయానికి ఇక్కడి ఆదాయపు పన్ను వర్తిస్తుంది.

జట్టులోని స్నేహితురాలు అమెరికా పౌరురాలు కనుక ఆమెకు వీసా బెడద లేదు. ఆమె వంటి వారికి ఉండేవి పన్నులు, నియమాలు. అటువంటి ఆదాయం స్వయం ఉపాధి కిందకు వస్తుంది కనుక మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను పడుతుంది. విద్యార్థి క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన పరిష్కారం ప్రకారం, అందులో చేరిన విశ్వవిద్యాలయాల క్రీడాకారులు 600 డాలర్లు, అంతకు మించిన బయటి ఒప్పందాలను ఎన్‌ఐఎల్ గో అనే వేదికలో నమోదు చేయాలి. సొమ్ము ఆటకు కాక నిజమైన ప్రచారానికే ఇస్తున్నారా అని అక్కడ పరిశీలిస్తారు. అన్నింటికంటే ముఖ్యం, కలెక్టివ్ మాట తప్పితే విశ్వవిద్యాలయాన్ని నిలదీయడం కష్టం. 2024 సెప్టెంబరులో లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆడే ఒకరు, నోటిమాటగా ఒప్పుకున్న 100,000 డాలర్లు అందలేదంటూ సీజన్ మధ్యలో జట్టు వదిలేశారు. విశ్వవిద్యాలయం ఆ ఆరోపణను అంగీకరించలేదు. కాగితం మీద లేని హామీ గతి అంతే.

మీ అమ్మాయి ముందుగా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో తన ఐ-20 (విద్యార్థి హోదాకు ఆధారమైన పత్రం) చూసే అధికారికి ఒప్పందం నకలు ఇచ్చి, సమాధానం ఈమెయిల్‌లో తీసుకోవాలి. కోచ్ గాని, కలెక్టివ్ ప్రతినిధి గాని ఇచ్చే భరోసా ఆ సమాధానానికి బదులు కాదు. ఇప్పటికే ఒక్క పోస్టు పెట్టినా, ఒక్క డాలరు అందుకున్నా, మరో అడుగు వేయకుండా, వచ్చే సెలవుల్లో ఇక్కడికి ప్రయాణం కట్టకముందే అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవమనండి.