ఇంట్లో అన్నింట్లోనూ తప్పులే కనబడుతుంటే

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. వయసు 36. శ్రీపెరంబుదూరులో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో 8 ఏళ్లు పనిచేశాను. మూడు నెలల కిందట తీసేశారు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, పాప రెండో తరగతి, అమ్మానాన్న మాతోనే ఉంటారు. ఉద్యోగం వెతుకుతూనే ఉన్నాను. కానీ పగలంతా ఇంట్లోనే ఉండేసరికి చట్నీలో ఉప్పు మొదలు ఫ్లైఓవర్ కట్టిన తీరు వరకు ప్రతిదాని మీదా ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోతున్నాను. మోటారు ఆపడం మరిచిపోయి ట్యాంకు పొంగితే అమ్మ మీద అరిచాను. ఫ్యామిలీ గ్రూపులో రాజకీయాల మీద మాట పెరిగి బామ్మర్ది గ్రూపులోంచి వెళ్లిపోయాడు. "ఉద్యోగం పోయింది నీకు, నోళ్లు మూసుకోవాల్సింది మేమా?" అంటోంది నా భార్య. నేను చెప్పేవి తప్పులా? ఇంకో మాట, పీఎఫ్ మొత్తం తీసేసి ఈ నెలలు గడిపేద్దామా అని కూడా ఉంది.

జవాబు: మీరు చెప్పేవాటిలో చాలావరకు నిజాలే అయ్యుంటాయి. చట్నీలో ఉప్పు ఎక్కువయ్యే ఉంటుంది, ట్యాంకు పొంగితే నీళ్లు వృథాయే. అయినా మీ భార్య మాట కూడా నిజమే.

తప్పు పట్టుకున్నందుకే 8 ఏళ్లు మీకు జీతమిచ్చారు. ఫ్యాక్టరీలో కొలత తేడా వస్తే ఎర్ర ట్యాగు వేసేవారు, ఎన్‌సీఆర్ (తప్పు నమోదు చేసే కాగితం) రాసేవారు. దానికి ఒక బాధ్యుడి పేరు, ఒక తేదీ ఉండేవి. కారణం కనుక్కుని సరిచేశాక ఆ కాగితం మూసేవారు. ఇంట్లో మీరు ఎర్ర ట్యాగు మాత్రమే వేస్తున్నారు. మూసేవాళ్లు లేరు కాబట్టి సోమవారం చట్నీ గురువారం దాకా తెరిచే ఉంటోంది.

రెండోది ఇంతకంటే పెద్దది. "సార్, ఈ లాటు పాస్ చేయొచ్చా?" అని అక్కడ రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అడిగేవాళ్లు లేనప్పుడు మనిషి అడక్కుండానే చెప్పడం మొదలుపెడతాడు. ఫ్లైఓవర్ మీద, పార్టీల మీద, కొండకొచ్చే బండ్ల రద్దీ మీద మీరు గ్రూపులో రాసేదంతా ఆ ఖాళీలోంచి వస్తున్నదే. కాబట్టి నోరు కట్టేసుకోవడం మందు కాదు, వారం తిరిగేలోపు ఇంకా గట్టిగా పేలుతుంది. మీ మాట ఎవరికైనా అవసరమయ్యే చోటు వెతుక్కోవాలి. ఇంట్లో వేసే ట్యాగుల్ని మీరే మూయాలి.

ట్యాగు మూయడమంటే ఏమిటో ఆ మోటారుతోనే చూద్దాం. అమ్మ మరిచిపోవడం ఆగదు, ఆ వయసులో అరిచినా ఆగదు. నీళ్లు నిండగానే తేలి మూసుకునే బంతి వాల్వు బిగిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది మున్సిపల్ నీళ్లు పడే సంపుకి పనికొస్తుంది గాని, మోటారుతో నింపే పై ట్యాంకుకి పనికిరాదు. వాల్వు మూసుకున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపు జాయింట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. పై ట్యాంకుకి కావాల్సింది నీళ్లు నిండగానే కరెంటు తెంచే ఫ్లోట్ స్విచ్. కేబుల్ మీది బరువుకీ తేలే ముక్కకీ మధ్య దూరం మరీ తక్కువ పెడితే బకెట్టు నీళ్లు వాడగానే మోటారు మళ్లీ ఆన్ అవుతుంది. అట్లా మాటిమాటికీ స్టార్టయితే వైండింగు, కెపాసిటర్ దెబ్బతింటాయి. ట్యాంకు సగమన్నా ఖాళీ అయ్యాకే ఆన్ అయ్యేలా ఆ దూరం పెట్టించండి. వైరింగు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, స్టార్టరు ఉన్న పెద్ద మోటారైతే మరీనూ. ఆ పనయ్యాక మోటారు గురించి అమ్మతో మీరు అనాల్సింది ఏమీ మిగలదు.

అన్నీ ఇట్లా తెమలవు. అందుకే జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. అనాలనిపించింది అందులో రాసి సాయంత్రం 7 దాకా ఆగండి. అప్పుడు చూస్తే కొన్ని మీరే కొట్టేస్తారు. మీ చేత్తో అయ్యేవి మరునాటి పనుల్లో వేసుకోండి. మిగిలినవాటిలో వారానికి ఒక్కటి, ఒకే ఒక్కటి, భార్యతో మాట్లాడండి. గ్రూపుకి మాత్రం నెలరోజులు శుభాకాంక్షలు, పరామర్శలు, పాప ఫోటోలు మించి ఏదీ వద్దు.

వంట సంగతి వేరు. అక్కడ "సాయం చేస్తా" అనకండి. సాయం చేసేవాడికి గిన్నె ఎక్కడుంది, పప్పు ఎంత పోయాలి అని చెప్పడం ఆమెకు ఇంకో పని. ఒక పనిని మొదట్నుంచి చివరిదాకా తీసుకోండి. సాయంత్రం టిఫినే తీసుకున్నారనుకుంటే డబ్బాలో ఏమయిపోయిందో చూడడం, కొట్టుకెళ్లి తేవడం, నానబెట్టడం, రుబ్బడం, పెనం కడిగి బోర్లించడం అన్నీ మీవే. పాపను స్కూలు నుంచి తేవడం కూడా మీరే పెట్టుకుంటే మంచిది. మీ భార్య రోజంతా పిల్లలతో అరిచి వస్తుంది. ఆమె ఇంటికొచ్చిన మొదటి అరగంట టీ ఇవ్వండి, ఏ విషయం మీదా ఏమీ అనకండి. ఇంకొకటి, మీరు చేసిన దోశ మాడిందని ఎవరైనా అంటే పడాలి.

మీ మాట అడిగే చోట్లు ఎక్కడున్నాయంటే, మీ రంగంలోనే ఉన్నాయి. శ్రీసిటీ పారిశ్రామికవాడ, రేణిగుంట చుట్టుపక్కల యూనిట్లకు సరుకిచ్చే చిన్న వర్క్‌షాపుల్లో చాలామందికి పీపీఏపీ కాగితాలు (విడిభాగానికి కొనే కంపెనీ ఆమోదం కోసం ఇచ్చేవి) తయారుచేయడం, గేజ్ ఆర్ అండ్ ఆర్ (కొలిచే పరికరం ఎంత నమ్మదగిందో చూసే పరీక్ష) లెక్కగట్టడం తలనొప్పి. అట్లాంటి ఒకరిద్దరికి వారంలో రెండు పూటలు చేసిపెడతానని అడగండి. డబ్బు తక్కువిచ్చినా ఒప్పుకోండి. రెజ్యూమేలో ఖాళీ ఉండదు, రోజులో పదిసార్లు "సార్, ఇదేంటి?" అని అడిగేవాళ్లు దొరుకుతారు. మీకు అసలు మందు అదే. ఆ రెజ్యూమేలో ఎఫ్ఎంఈఏ (ఏది ఎలా పాడవొచ్చో ముందే అంచనా వేసే పద్ధతి) పక్కన ఇంకా ఆర్‌పీఎన్ (రిస్కుకి వేసే అంకె) అని ఉంటే మార్చండి. 2019లో అమెరికా, జర్మనీ వాహన పరిశ్రమ సంఘాలు కలిసి తెచ్చిన ఏఐఏజీ-వీడీఏ పద్ధతిలో ఆర్‌పీఎన్ తీసేసి యాక్షన్ ప్రయారిటీ (ఏది ముందు సరిచేయాలో చెప్పే స్థాయి) పెట్టారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మొదట చూసేది ఇట్లాంటివే. రిలీవింగ్ లెటరు, చివరి మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16 ఒకచోట ఉంచుకోండి. ఆఫరొచ్చాక వాటికోసం పాత హెచ్‌ఆర్ వెంట పడాల్సి వస్తే వారాలు పోతాయి.

ఇక డబ్బు. పీఎఫ్‌కి పోయేముందు గ్రాట్యుటీ వచ్చిందా చూడండి. 5 ఏళ్లు దాటారు కాబట్టి అది మీ హక్కు. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, పనిచేసిన ఏళ్లతో గుణించాలి. బేసిక్, డీఏ కలిపి 24,000 అయితే 8 ఏళ్లకు సుమారు 1,10,769 రూపాయలు. మానేసిన 30 రోజుల్లోపు ఇవ్వాలి. రాకపోతే ఫోన్లో అడగడం మాని మెయిల్లో రాసి అడగండి.

పీఎఫ్‌లో రెండు భాగాలున్నాయి, వీటిని కలిపేసుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. పీఎఫ్ సొమ్ములో కొంత తీసినా, మిగిలింది వడ్డీతో పెరుగుతుంది. 2024-25కి ఆ వడ్డీ 8.25 శాతం. పింఛను భాగం అట్లా కాదు. 58 ఏళ్లకు నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు కావాలి, మీకు 8 ఉంది. ఫారం 10సీతో ఆ డబ్బు తీసేసుకుంటే ఆ 8 ఏళ్లూ పోయినట్టే, మళ్లీ సున్నా నుంచి లెక్క. దాన్ని ముట్టుకోకండి. కొత్త ఉద్యోగం రాగానే అదే యూఏఎన్‌కి (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరుకి) బదిలీ చేయించండి, ఇంకో రెండేళ్లకే గడప దాటుతారు. పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం మానేసిన తేదీ, వేసిందో లేదో కూడా పీఎఫ్ పోర్టల్లో చూడండి. ఆఖరి చందా పడి రెండు నెలలు దాటితే ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ లేకపోతే క్లెయిమ్, బదిలీ రెండూ చిక్కుపడతాయి.

కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోయి ఉంటుంది. అమ్మానాన్న కూడా దానిలోనే ఉన్నారా? ఉంటే ముందు వాళ్ల సంగతి చూడాలి. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు సాధారణంగా మొదటి 30 రోజులు కవరేజీ ఉండదు. ముందు నుంచీ ఉన్న షుగరు, బీపీలకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. జబ్బు వచ్చాక కొందామంటే కుదరదు.

ఈ లెక్కలన్నీ మీ భార్యకు తెలుసా? మీరు దాని గురించి ఒక్క మాటా రాయలేదు. చాలా ఇళ్లలో ఫ్లైఓవర్ మీద గంట మాట్లాడే మగాయన బ్యాంకులో ఎంతుందో మాత్రం చెప్పడు. ఆదివారం రాత్రి పాప పడుకున్నాక 20 నిమిషాలు కూర్చోండి. చేతిలో ఎంతుంది, ఆమె జీతం పోను నెలకు ఇంకెంత కావాలి, అట్లా ఎన్ని నెలలొస్తుంది, ఈ వారం ఎక్కడెక్కడ అడిగారు, ఎవరు బదులిచ్చారు, ఇవి చెప్పండి. మిగతా ఆరు రోజులు "ఏమైంది?" అని ఆమె అడగాల్సిన పనుండదు. పెళ్లిళ్లలో, గుడి దగ్గర "ఏమప్పా, ఇంకా యాడా కుదర్లేదా?" అనేవాళ్లకు ఒకే మాట పెట్టుకోండి. "చూస్తా ఉండా, కుదిరినాక నేనే చెప్తాలే." కంపెనీ కథంతా చెప్పకండి, చెప్పిన ప్రతిసారీ పుండు రేగుతుంది.

నిద్ర గురించి కూడా రాయలేదు. రెండు వారాలకు పైగా తెల్లవారుజామున మెలకువొచ్చి మళ్లీ పట్టకపోవడం, పాపతో ఆడుకోవాలని కూడా అనిపించకపోవడం, "నేను లేకపోతేనే వీళ్లకు నయం" అనే ఆలోచన, ఇవి ఉంటే చిరాకు అనుకుని వదిలేయకండి. ఆ చివరి ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరితోనైనా చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

బామ్మర్దికి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. "ఆ పొద్దు గ్రూపులో నేను అట్లా అనకూడదప్పా, ఏమనుకోవద్దు" అంటే చాలు. "కానీ నువ్వు కూడా" అని మొదలైతే అక్కడికే ఫోన్ పెట్టేయడం మేలు. ఎవరు ఏ పార్టీ గురించి ఏమన్నారో తవ్వకండి. గ్రూపు లింకు మీ భార్య పంపుతుంది, తిరిగి రావడం ఆయన ఇష్టం. ఆయనే మళ్లీ రాజకీయం ఎత్తితే "భోంచేసినారా?" అని అడగండి.