అత్తగారి కిటికీకి మోటారు సరే, ఎనిమిదింటికీ ఎందుకు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మావారు పేపరు మిల్లులో షిఫ్టు ఉద్యోగి, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిపి నెలకు 68,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 19,500. అన్ని ఖర్చులూ పోగా 14,000 దాకా మిగులుతుంది. అత్యవసరానికని బ్యాంకులో 40,000 ఉంచాం. మా అత్తగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ గదికి రెండు కిటికీలూ పడమటి వైపే, మధ్యాహ్నం దాటితే ఎండంతా మంచం మీదే. లేచి కర్టెన్ లాగలేరు. విశాఖపట్నంలోని ఒక దుకాణం వాళ్లు ఇంట్లో ఎనిమిది కిటికీలకూ మోటారు బ్లైండ్లు (మోటారుతో పైకీ కిందకీ కదిలే బట్ట తెరలు) పెడతామని, పన్నుతో కలిపి 1,38,300 కొటేషన్ ఇచ్చారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. ఒక్కసారిగా కడితే 8 శాతం తగ్గిస్తారట. ఏసీ బిల్లు కూడా బాగా తగ్గుతుందంటున్నారు. అత్తగారేమో తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: కొటేషన్ కాగితం కూడా పంపి మంచి పని చేశారు. అందులో బట్ట ఎంత, మోటారు ఎంత అనేది విడివిడిగా ఉంది. చాలా దుకాణాలు కిటికీకి ఇంత అని మొత్తంగా రాసి ఇచ్చేస్తాయి. ఎనిమిది కిటికీల బ్లైండ్లకు, అంటే బట్టకూ రాడ్‌కూ కలిపి, 22,400. మోటార్లకు 92,000. ఫోన్‌తో నడిపే హబ్‌కు 8,500, వైరింగుకు 9,000, బిగింపుకు 6,400. అంటే ఎండను ఆపే వస్తువు ఖరీదు మొత్తంలో ఆరో వంతు కూడా లేదు. మూడింట రెండు వంతులు దాన్ని పైకీ కిందకీ లాగే మోటారుకే పోతోంది. అందుకే నా సలహా: ఎండ పడే కిటికీలకు బట్ట కొనండి, చెయ్యి అందని కిటికీలకు మాత్రమే మోటారు కొనండి.

మీ ఇంట్లో చెయ్యి అందనివి మూడే. అత్తగారి గదిలో రెండు, మెట్ల దగ్గర పడమటి వైపు ఎత్తులో ఉన్నది ఒకటి. మీ పడకగదిలో రెండింటికీ మోటారు అక్కర్లేదు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి పొద్దున ఒకసారి కిందకు లాగి పడుకుంటారు, సాయంత్రం లేచి ఎత్తుతారు. ఆయనకు కావాల్సింది వెలుతురు చొరనివ్వని బ్లాకౌట్ బట్ట. దానికి మాత్రం కక్కుర్తి పడకండి, రెండు కిటికీలకూ కలిపి 1,200 ఎక్కువైనా తీసుకోండి. హాలు కిటికీలు ఉత్తరం వైపువని రాశారు, వాటికి ఇప్పుడున్న కర్టెన్లు చాలు. వంటింటి కిటికీకి బట్ట బ్లైండ్ అసలే వద్దు, తిరగమోత జిడ్డు పట్టిందంటే వదలదు.

ఇప్పుడు నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత పేరు మారింది, లెక్క మారలేదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, దుకాణం ఆ వడ్డీ మేరకు ధరలో తగ్గించినట్టు చూపిస్తుంది. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే మీ 1,38,300లో దాదాపు 11,300 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,000 పైచిలుకు, మీ కార్డు మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. మరోవైపు ఒక్కసారిగా కడితే వచ్చే 8 శాతం తగ్గింపు, అంటే 11,064, మీ చేతికి రాదు. రెండూ కలిపితే ‘నో కాస్ట్’ ఖరీదు 13,000 దాటింది. ఆ డబ్బుతో నేను కింద చెప్పే 7,000 రకం మోటార్లు దాదాపు రెండు వస్తాయి!

పైగా నెలకు 11,525 చొప్పున ఏడాది కట్టాలి. ఇంటి లోనుతో కలిపితే నెలకు 31,025, అంటే మీకు వచ్చే ప్రతి నూరు రూపాయల్లో 45కు పైగా కిస్తీలకే. మీ దగ్గర అత్యవసర నిధి ఉన్నదే 40,000. మీ ఇంటికి ఒక్క నెలకు కావాల్సింది, ఈఎంఐతో కలిపి, 54,000. ఈ పరిస్థితిలో కిటికీల కోసం కొత్త కిస్తీ పెట్టుకోమని నేను చెప్పను.

అత్తగారి డిపాజిట్ జోలికి అసలు వెళ్లకండి. సీనియర్ సిటిజన్లకు బ్యాంకులు సాధారణంగా అర శాతం ఎక్కువ వడ్డీ ఇస్తాయి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోసేస్తాయి. అది ఆవిడ మందుల డబ్బు, ఆవిడ ధైర్యం. తన కోసమే కదా అని పెద్దావిడ మొహమాటానికి అని ఉంటారు, మీరు సున్నితంగా కాదనండి.

మిగిలే 14,000లో సగం, 7,000, అత్యవసర నిధికే వెళ్లాలి. మిగతా 7,000 నెలనెలా విడిగా పొదుపు ఖాతాలో వేస్తూ పోండి. మూడు నెలల్లో 21,000 చేతికొస్తుంది. మొదట అత్తగారి గది పూర్తి చేయండి. కొటేషన్‌లోని ధరల ప్రకారమే రెండు బ్లైండ్లకు 5,600, బిగింపుకు 1,600. మోటారుకు ఒక్కోదానికి 7,000 దాటి పెట్టకండి, అంటే 14,000. మొత్తం 21,200. ఇంకో మూడు నెలలు ఆగి, పడకగదికి రెండు, మెట్ల దగ్గర ఒకటి. మూడు బ్లైండ్లకు 8,400, బ్లాకౌట్ కోసం 1,200, బిగింపుకు 2,400, మెట్ల కిటికీ మోటారుకు 7,000. మొత్తం 19,000. ఆరు నెలల్లో 40,200తో పని అయిపోతుంది, ఏ బ్యాంకుకూ వడ్డీ కట్టకుండా. నిధిలో మరో 42,000 చేరి ఉంటుంది.

ఏడు వేలకు మోటారు వస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. మీ కొటేషన్‌లో ఉన్నది 11,500 మోటారు. అది హబ్‌తో, వైఫైతో, ఫోన్‌తో మాట్లాడే రకం. 74 ఏళ్ల మనిషి ఫోన్‌లో యాప్ తెరిచి, ఏ గది, ఏ కిటికీ అని వెతుక్కుంటారా? ఆవిడకు కావాల్సింది పైకి, ఆగు, కిందకి అని మూడు బటన్లున్న రిమోట్. మామూలు రేడియో రిమోట్‌తో నడిచే చార్జింగ్ మోటారు అడగండి. హబ్ 8,500, వైరింగు 9,000 రెండూ పోతాయి. రెండు కిటికీలకూ ఒకే రిమోట్ పనిచేసేలా జత చేయమనండి. లేకపోతే ఏది దేనిదో తెలియక అదొక టెన్షన్. గోడ కొట్టే పని లేదు, కరెంటు పోయినా ఆగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పక్కనే గజపతి జిల్లాలో కరెంటుకు ఎంత కటకట అయిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కానీ ఒక చిక్కుంది. చార్జింగ్ మోటారుకు కొన్ని నెలలకోసారి ఫోన్‌కు పెట్టినట్టే వైరు పెట్టాలి. అత్తగారి గదిలో స్టూలెక్కి మీరే పెట్టేయొచ్చు. మెట్ల కిటికీ దగ్గర? ప్రతిసారీ నిచ్చెన వేయాలి. చెయ్యి అందదని మోటారు కొని, ఆ మోటారుకు చెయ్యి అందకపోతే ఏం లాభం? అందుకని అక్కడ మాత్రం అద్దానికి అంటించే చిన్న సోలార్ పట్టీతో వచ్చే మోటారు తీసుకోండి. పడమటి ఎండ దండిగా ఉంది కదా, అదే చార్జ్ చేస్తుంది. ఆరు నెలల్లో మిగిలే 1,800 దానికి పనికొస్తుంది.

పడకగది బ్లైండ్లకు మోటారు బదులు చేత్తో లాగే గొలుసు ఉంటుంది. మీ ఇంట్లో రెండేళ్ల పాప ఉందని ఉత్తరం చివర్లో రాశారు, అందుకే ఇది చెప్పాలి. వేలాడే గొలుసు ఉచ్చు పిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో ఇలాంటి వేలాడే తాళ్లున్న రెడీమేడ్ బ్లైండ్లకు 2018 చివరి నుంచే కట్టడి పెట్టారు. గొలుసు కింది కొసను గోడకు బిగించే ప్లాస్టిక్ క్లిప్ ఉంటుంది, దాంతో బిగుతుగా పట్టించండి. ఖర్చు నామమాత్రం. ఆ క్లిప్ లేకుండా పని అయిపోయిందని బిగించేవాళ్లు వెళ్లిపోకుండా చూడండి. మంచం కూడా ఆ కిటికీకి కాస్త దూరంగా జరపండి.

బ్లైండ్లకు ఆర్డరిచ్చేటప్పుడు లోపలి గొట్టం 38 మిల్లీమీటర్లది వేయమనండి. మామూలు మోటార్లు చాలావరకు ఆ గొట్టంలో పడతాయి. రేపు మీకూ మోకాళ్లు నొప్పులొచ్చి పడకగదికి మోటారు కావాలనిపిస్తే బ్లైండ్ మార్చకుండా మోటారు ఒక్కటే కొనుక్కోవచ్చు.

ఏసీ బిల్లు తగ్గుతుందన్న మాటలో కొంత నిజముంది, అది బట్ట గొప్ప, మోటారుది కాదు. అద్దం దాటి లోపలికొచ్చిన వేడిని బ్లైండ్ కొంతే వెనక్కి పంపగలదు. అందుకే అద్దం వైపు తెల్లగా ఉండే బట్ట ఎంచుకోండి. ఎండను అద్దానికి తగలకముందే ఆపితే ఇంకా మంచిది. మీ వైపు సంతల్లో దొరికే వెదురు తడకను పడమటి కిటికీ బయట కడితే ఏ రిమోటూ చేయలేని పని చేస్తుంది. అత్తగారికి వీధి చూడటం ఇష్టమైతే లోపల బ్లాకౌట్ బదులు సన్‌స్క్రీన్ బట్ట వేయించండి. పగలు లోపలి నుంచి బయట మనుషులు కనిపిస్తారు. రాత్రి లైటు వేస్తే మాత్రం బయటివాళ్లకు లోపల కనిపిస్తుంది, అప్పుడు పాత కర్టెన్ వేసుకోవాలి.

దుకాణం విశాఖలో, మీరు రాయగడలో. మోటారు మొరాయిస్తే మనిషి రైలెక్కి రావాలి. వారంటీ ఎన్నేళ్లు, బ్యాటరీకి ఎన్నాళ్లు, మనిషి వస్తే రానూపోనూ ఖర్చు ఎవరిది, ఈ మూడూ బిల్లు మీద రాయించుకోండి. బిగించిన రోజే బ్లైండ్ ఎక్కడ ఆగాలో రిమోట్‌లో ఎలా పెట్టాలో మీ చేత రెండుసార్లు చేయించుకుని, అదంతా ఫోన్‌లో వీడియో తీసుకోండి. దుకాణం వాళ్లు ఇదంతా కాదు, ఎనిమిదీ తీసుకుంటేనే తగ్గింపు అంటే మర్యాదగా నమస్కారం పెట్టి, బరంపురంలోనో విజయనగరంలోనో ఇంకో కొటేషన్ అడగండి. రెండో చోట కూడా బట్ట, మోటారు, బిగింపు మూడూ విడివిడిగా రాయమనండి, లేకపోతే పోల్చి చూడటానికి వీలుండదు.